ఒకే భైరవి, వేరు వేరు రాత్రులు

కచేరీ ముగిశాక హాలు బయట నిలబడి దాని గురించి మాట్లాడుకునేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ముగిసి అరవై ఏళ్ళు దాటిన కచేరీ గురించి రాత్రి పది దాకా వాదించుకునేవాళ్ళు తక్కువ. పుదుచ్చేరిలో ఆ పని చేసేది మేం.

మేమంటే పెద్ద సంఘమేమీ కాదు. నేను యానాంలో పుట్టి, పుదుచ్చేరి ప్రభుత్వ కొలువులో చేరి, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయినవాణ్ణి. జిప్మర్‌లో పనిచేసిన డాక్టరుగారొకరు, వయొలిన్ నేర్చుకుంటున్న ఇంజనీరింగ్ కుర్రాడొకడు, వైట్ టౌన్‌లో ఉండే ఒక ఫ్రెంచి ఆవిడ, ఇంకా ఇద్దరు ముగ్గురు. అందరికీ పెద్ద, ముత్యాల్‌పేటలో చాలాకాలం రేడియో రిపేరు షాపు నడిపిన ఆయన. తరాల కిందట తమిళదేశానికి వచ్చిన తెలుగు కుటుంబం వాళ్ళది. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం. ఆయన్ని అందరం మామా అనే పిలుస్తాం. మామ నన్ను ‘యానాం’ అంటారు.

మేం వినేవి గ్రామఫోను కంపెనీలు అమ్మిన రికార్డులు కావు. ఎప్పుడో, ఎక్కడో, ఎవరో ఒక మిషను పెట్టి పట్టిన పూర్తి కర్ణాటక సంగీత కచేరీలు. దగ్గులతో, చప్పట్లతో, మధ్యలో మృదంగం శ్రుతి చేసుకునే సుత్తి దెబ్బలతో సహా. వీటిని స్పూళ్ళ మీద, క్యాసెట్ల మీద, ఇప్పుడు హార్డ్‌డిస్కుల మీద దాచుకుని, ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునే రసికులు మద్రాసులో, విజయవాడలో, విశాఖలో, హైదరాబాదులో, అమెరికాలో ఉన్నారు. బయటివాళ్ళకు ఇదొక పిచ్చిలా కనిపిస్తుంది. ‘అదే పాట అన్నిసార్లు ఏం వింటారండీ?’ అని మా వీధివాళ్ళే అడిగారు. అది అదే పాట కాదని చెప్పడానికే ఈ వ్యాసం.

పది అంగుళాల 78 రికార్డుకు ఒక పక్క మూడు నిమిషాల పైచిలుకు పట్టేది. అరియక్కుడి రామానుజ అయ్యంగార్ అయినా, మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారైనా అందులోనే ఇమడాలి. అరగంటసేపు రాగం చెప్పగలిగినవాళ్ళు మూడు నిమిషాల్లో దాని సారం పిండి ఇచ్చారు. అవి అద్భుతమైన రికార్డులే, కాదనను. కానీ అక్కడ గాయకుడు ముందే తేల్చుకున్నది మనకు వినిపిస్తాడు. తేల్చుకుంటూ ఉండగా వినే అవకాశం ఉండదు. కచేరీకి ప్రాణమంతా ఆ తేల్చుకోవడంలోనే ఉంది.

సంగీతంతో అంతగా పరిచయం లేనివారి కోసం ఒక మాట. కర్ణాటక కచేరీలో కీర్తన ఎవరో వాగ్గేయకారుడు కట్టి పెట్టింది. త్యాగరాజుది కావచ్చు, దీక్షితులది కావచ్చు. దానికి ముందు వచ్చే ఆలాపన, మధ్యలో ఒకే పంక్తిని పట్టుకుని రకరకాలుగా పరిచే నెరవు, చివర్లో స్వరకల్పన, తానం మాత్రం ఆ పూట, ఆ వేదిక మీద, అప్పటికప్పుడు పుట్టేవి. దీన్నే మనోధర్మం అంటారు. పక్కన వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, గొంతు ఎలా ఉంది, ఎదురుగా కూచున్నవాళ్ళు ఎలాంటివాళ్ళు అన్నదాన్ని బట్టి అది మారుతుంది. ఒకే విద్వాంసుడు డిసెంబరులో పాడిన భైరవి రాగానికీ, జనవరిలో పాడిన భైరవికీ పేరొక్కటే.

మదురై మణి అయ్యర్ స్వరకల్పనే చూడండి. ఆయన లెక్కల జోలికి పోకుండా, సర్వలఘువుగా, నడక చెడకుండా స్వరాలు జల్లుతూ పోయేవారని పుస్తకాల్లో చదువుతాం. ఒక టేపు వింటే ఆ మాట నిజమే అనిపిస్తుంది. నాలుగు టేపులు వింటేనే అసలు సంగతి తెలుస్తుంది. ఒక రాత్రి ఆయన మధ్యమం మీద నిలబడి చుట్టూ తిరుగుతారు. ఇంకో రాత్రి ఆ మధ్యమాన్ని అలా తాకి వదిలేసి పైషడ్జం కోసం తొందరపడతారు. ఒక చోట జనంలోంచి ఎవరో ‘ఆహా’ అంటారు; వెంటనే ఆ ప్రయోగాన్నే మళ్ళీ పట్టుకుని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్తారు. ఇంకో రాత్రి వయొలిన్ విద్వాంసుడు బదులిచ్చిన తీరు విని ఆయనే దారి మార్చుకుంటారు. పాట తెలుసుకోవడానికి ఒక రికార్డు చాలు. పాడేవాడి బుర్ర ఎలా పనిచేస్తుందో తెలియాలంటే వేరు వేరు రాత్రులు కావాలి.

ఆ రాత్రులు మనకు దొరకడానికి కారణం టేపు. ఏడు అంగుళాల స్పూలు మీద మామూలుగా 1200 అడుగుల టేపు ఉంటుంది. సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో నడిపితే ఒక పక్క 32 నిమిషాలు. వేగం సగానికి తగ్గిస్తే 64 నిమిషాలు, కానీ నాదం కాస్త మసకబారుతుంది. మూడు నాలుగు గంటల కచేరీకి ఏ వేగం పెట్టాలి, ఎన్ని స్పూళ్ళు ఖర్చుపెట్టాలి అన్నది ఆ రోజుల్లో ఆషామాషీ లెక్క కాదు. స్పూలు ఖరీదైన వస్తువు, మిషను ఇంకా ఖరీదు. 1963లో ఫిలిప్స్ కంపెనీ చిన్న క్యాసెట్టు తెచ్చాక, కొన్నేళ్ళకు అది మన దేశంలో మధ్యతరగతి ఇళ్ళకూ చేరింది. అప్పటి నుంచి ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఊపందుకుంది. అయితే తొంభై నిమిషాల క్యాసెట్టుకు ఒక పక్క నలభై అయిదు నిమిషాలే. రాగం తానం పల్లవి సరిగ్గా రక్తి కట్టే చోట టక్కుమని ఆగి, క్యాసెట్టు తిప్పేసరికి పల్లవి రెండో కాలంలో ఉంటుంది. ఆ కొన్ని సెకన్ల ఖాళీలో ఏం జరిగి ఉంటుందో మా డాక్టరుగారు పాడి చూపిస్తారు. మామ ఒప్పుకోరు.

అన్నీ సభల్లో పట్టినవే కావు. రేడియో ఈ నిధికి సగం తల్లి. మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో మొదలయ్యాయి. శనివారం రాత్రి వచ్చే సంగీత జాతీయ కార్యక్రమం 1952లో మొదలైంది. రేడియో పక్కన టేప్‌రికార్డరు పెట్టుకుని, ఇంట్లో అందర్నీ మాట్లాడొద్దని కసిరి, పట్టుకున్న కచేరీలు వేలల్లో ఉంటాయి. మీడియం వేవ్ గరగర, పిడుగులు పడ్డప్పుడు చిటపటలు, వెనకాల ఎవరింట్లోనో గిన్నెల చప్పుడు వాటిలో కలిసిపోయాయి. టేపు ఖరీదైంది కాబట్టి పాతది చెరిపి కొత్తది పట్టడం అప్పట్లో ప్రపంచమంతటా రేడియో కేంద్రాల్లో ఉన్న అలవాటే. ఆకాశవాణి దగ్గర కూడా మిగలని కచేరీ ఒక గుమస్తాగారి అలమరలో మిగలడానికి కారణం ఇదే. ఆ మనిషి పేరు ఏ సంగీత చరిత్రలోనూ ఉండదు. నాకు మాత్రం అలాంటివాళ్ళ మీద విద్వాంసుల మీద ఉన్నంత గౌరవం ఉంది.

ఈ పిచ్చి మనవాళ్ళకే సొంతమని నేను చాలాకాలం అనుకున్నాను. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం ఉండేదని, వాళ్ళ అభిమానులు అచ్చం మాలాగే ఉంటారని చెప్పింది మా ఫ్రెంచి ఆవిడ. 1965లో కాలిఫోర్నియాలో మొదలై, వాళ్ళ గిటారిస్టు జెర్రీ గార్సియా చనిపోయిన 1995 దాకా ఆ బృందం రెండు వేల మూడు వందల దాకా కచేరీలు చేసింది. ఏ రెండూ ఒకలా ఉండవు. పాట మొదలుపెట్టి, మధ్యలో పాటను వదిలేసి, వాయిద్యాలతో ఇరవై నిమిషాలు ఎక్కడెక్కడికో వెళ్ళి మళ్ళీ పాటలోకి వచ్చేవారు. ఇలా వాయించే బృందాలను అక్కడ జామ్ బ్యాండ్ అంటారు. శ్రోతలు మైకులు తెచ్చుకుని రికార్డు చేసుకుంటే వాళ్ళు అడ్డుపెట్టలేదు. 1984 నుంచి టేపు చేసేవాళ్ళకు హాల్లో ప్రత్యేకంగా చోటు కూడా ఇచ్చారు. షరతు ఒక్కటే: ఇచ్చిపుచ్చుకోండి, అమ్మకండి.

1977 మే 8న న్యూయార్క్ రాష్ట్రంలో కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాలులో వాళ్ళు చేసిన కచేరీ ఆ అభిమానులకు పురాణం. బెట్టీ కాంటర్ జాక్సన్ అనే సౌండ్ ఇంజనీరు దాన్ని శుభ్రంగా రికార్డు చేసింది. ఆ టేపులు దశాబ్దాల పాటు చేతులు మారుతూ తిరిగాయి. అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2012లో దాన్ని జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది. బజార్లోకి డబ్బిచ్చి కొనుక్కునే రికార్డుగా వచ్చింది 2017లో. ఇంతా అయ్యాక కూడా ఆ అభిమానులు కొట్టుకుంటూనే ఉన్నారు. ‘కార్నెల్ కాదు, మర్నాడు బఫెలోలో చేసిందే గొప్పది’ అనేవాళ్ళు ఎప్పుడూ కొందరుంటారు. ఆవిడ ఈ మాట చెప్పగానే డాక్టరుగారు టేబుల్ మీద చెయ్యి చరిచారు. ఆయనకు ఆ మనుషులు ఎవరో తెలియదు, ఆ సంగీతం తెలియదు, కానీ ఆ తగాదా బాగా తెలుసు.

చుట్టరికం ఇంకో వైపు నుంచి కూడా ఉంది. ఆ బృందంలో డ్రమ్స్ వాయించిన మికీ హార్ట్, తబలా విద్వాంసుడు అల్లా రఖా దగ్గర తాళం గురించి నేర్చుకున్నాడు. ఆయన కొడుకు జాకిర్ హుసేన్‌తో కలిసి 1991లో ‘ప్లానెట్ డ్రమ్’ అనే ఆల్బం చేశాడు. అందులో ఘటం వాయించింది మన విక్కు వినాయకరామ్. ఆ ఆల్బానికి గ్రామీ కూడా వచ్చింది. కాబట్టి మా టేపుల్లో తనియావర్తనంలో, అంటే గాత్రం ఆగి తాళవాద్యాలు మాత్రమే మోగే భాగంలో, వినిపించే ఘటం, ఆ గిటార్ల లోకం, బొత్తిగా పరాయివి కావు.

ఇక మా పని సంగతి. టేపు మీద చీటీ ఉంటే అదృష్టం. చీటీ మీద ఉన్నది నిజమైతే ఇంకా అదృష్టం. చాలావాటి మీద ‘జి.ఎన్.బి., అకాడమీ’ అనో, ‘అరియక్కుడి, 60’ అనో ఉంటుంది. అక్కడి నుంచి మొదలవుతుంది వెతుకులాట. మొదట చూసేది పక్కవాద్యాలు. మృదంగం పళని సుబ్రమణ్య పిళ్ళైది అని తేలితే ఆ కచేరీ 1962కు ఇవతల జరిగే వీల్లేదు, ఆయన ఆ ఏడు పోయారు. జి.ఎన్.బి., అంటే జి.ఎన్. బాలసుబ్రమణ్యం, 1965లో, అరియక్కుడి 1967లో, మదురై మణి అయ్యర్ 1968లో పోయారు. మణి అయ్యర్ గొంతు వెనక లేతగొంతు ఒకటి వినిపిస్తుంటే, అది మేనల్లుడు టి.వి. శంకరనారాయణన్ అయితే, ఆ టేపు మణి అయ్యర్ చివరి పదేళ్ళలోది అయ్యుండాలి. పాల్ఘాట్ మణి అయ్యర్ మృదంగమైతే ఇంకో చిక్కు. మైకు మృదంగం నాదాన్ని పాడుచేస్తుందని నమ్మి, మైకు లేని కచేరీల కోసం పట్టుబట్టిన మనిషి ఆయన. అలాంటి కచేరీలో ఎవరైనా మిషను పెట్టి ఉంటే గాత్రం, మృదంగం మధ్య దూరం వేరేలా వినిపిస్తుంది. హాలు ధ్వని కూడా సాక్ష్యమే. మద్రాసు మ్యూజిక్ అకాడమీకి సొంత ఆడిటోరియం వచ్చింది 1962లో. అంతకుముందువని చెప్పే టేపుల్లో పెద్ద కాంక్రీటు హాలు గుయ్యిమనే మోత వినిపిస్తే అనుమానించాలి.

రెండోది శ్రుతి. అన్నిటికంటే ఎక్కువ గొడవ దీని మీదే.

పాత మిషన్లు ఒకే వేగంతో తిరగవు. బెల్టు సాగితే నెమ్మదిస్తుంది, ఇంకో మిషను మీద పెడితే వడిగా తిరుగుతుంది. టేపు ఆరు శాతం వడిగా తిరిగిందంటే శ్రుతి ఒక స్వరస్థానం పైకి పోతుంది. ఒకటి శ్రుతిలో పాడిన మనిషి ఒకటిన్నరలో పాడినట్టు వినిపిస్తాడు. గొంతు లేతబడుతుంది, కాలప్రమాణం పరుగెడుతుంది. ఎం.డి. రామనాథన్ లాంటి మంద్ర స్థాయి, విలంబ కాలం గాయకుడికి ఇది జరిగితే మనం వింటున్నది ఆయన్ని కానే కాదు. అలాంటి టేపు విని, ‘ఈయన కుర్రతనంలో ఎంత చురుగ్గా పాడేవారో’ అని మురిసిపోయినవాళ్ళు ఉన్నారు.

మామ దీనికో ఉపాయం నేర్పారు. పాత టేపుల్లో చాలావాటిలో కరెంటు మోత ఒకటి సన్నగా గుయ్యిమంటూ ఉంటుంది. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. రికార్డు చేసిన మిషనులోకి, మైకు తీగలోకి ఆ మోత దూరి టేపు మీద పడిపోయింది. ఇప్పుడు కంప్యూటరులో చూసి, ఆ మోత 50 దగ్గర కాకుండా 53 దగ్గర ఉందంటే టేపు ఆరు శాతం వడిగా నడుస్తోందన్నమాట. దాన్ని 50కి దించితే గాయకుడు తన శ్రుతిలోకి దిగుతాడు. అప్పట్లో రికార్డిస్టు తిట్టుకుంటూ భరించిన మోతే ఇప్పుడు మనకు తూనికరాయి. కుర్రాడు కంప్యూటరులో గీతలు చూసి చెబుతాడు. మామ కళ్ళు మూసుకుని, ‘ఇది శ్రుతి తప్పింది కాదప్పా, మిషను వడిగా తిరగతా ఉండాది’ అంటారు. ఇద్దరూ ఒకే అంకెకు వచ్చిన సందర్భాలు నేను చూశాను. కరెంటు కూడా కచ్చితంగా 50 దగ్గరే నిలబడదు, అటూ ఇటూ కాస్త జారుతుంది; అందుకే చెవి ఒప్పుకున్నాకే వేగం ఖాయం చేస్తాం.

టేపులో ఉన్న ఇంకో వింత నన్ను ఇప్పటికీ ఒళ్ళు జలదరించేలా చేస్తుంది. ఏళ్ళ తరబడి చుట్టి ఉంచిన స్పూలులో ఒక పొర మీది అయస్కాంత ముద్ర పక్క పొర మీద సన్నగా దిగుతుంది. అందువల్ల గాయకుడు ఎత్తుకోవడానికి ఒకటి రెండు సెకన్ల ముందే, నిశ్శబ్దంలో, అదే ఎత్తుగడ దూరంగా నీడలా వినిపిస్తుంది. పాట ఇంకా పుట్టకముందే దాని జాడ. తెలిసినవాళ్ళు టేపును పూర్తిగా వాయించాక వెనక్కి చుట్టకుండా, చివర పైకి ఉండేలాగే దాచేవారు. అలా చేస్తే ఆ నీడ చాలావరకు పాటకు ముందు కాక వెనక పడుతుంది, పాటలోనే కలిసిపోతుంది.

పోయినవాటి గురించి కూడా చెప్పాలి. మా దగ్గరకొచ్చిన టేపుల్లో తనియావర్తనం లేనివి బోలెడు. గాత్రం ఆగి మృదంగం మొదలు కాగానే మిషను ఆపేసి, అది ముగిసి మళ్ళీ పల్లవి ఎత్తుకునేటప్పుడు నొక్కారు. టేపు ఆదా. అలా ఆదా చేసినదాంట్లో ఒక తరం మృదంగ విద్వాంసుల మనోధర్మం కొట్టుకుపోయింది. మహా గాయకుల రాగాలు గంటల కొద్దీ మిగిలాయి, వాళ్ళ పక్కన కూచున్నవాళ్ళ పది నిమిషాలు మిగలలేదు. రికార్డు చేసినవారిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. వాళ్ళు తమ జేబులోంచి ఖర్చుపెట్టారు. బాధ మాత్రం ఉంది.

తెలుగువాడిగా నేను ఈ టేపులకు తీర్చాల్సిన ఒక ప్రత్యేకమైన అప్పు ఉంది. వోలేటి వెంకటేశ్వర్లు గారి పేరు చెప్తే మా తరంలో తెలుగు రసికులు చేతులు జోడిస్తారు. 1928లో పుట్టి 1989లో పోయారు. ఉద్యోగమంతా విజయవాడ ఆకాశవాణిలో. కర్ణాటక సంప్రదాయంలో గట్టిగా పాదం మోపి, బడే గులాం అలీ ఖాన్ గానంలోని విరుపును గొంతులోకి తెచ్చుకున్న అరుదైన మనిషి. ఆయన పేరు మీద కంపెనీలు తెచ్చిన రికార్డులు వేళ్ళ మీద లెక్కపెట్టాలి. ఆయన ఎంతటివాడో ఇవాళ మనకు తెలుస్తున్నదంటే, కారణం ఒకటి విజయవాడ రేడియో భాండాగారం, రెండోది ఇళ్ళల్లో చాపల మీద కూచుని పాడినప్పుడు ఎవరో పట్టిన టేపులు. ఆ గృహ కచేరీల్లో ఆయన గొంతుకు తొందర లేదు. రేడియోలో అరగంటకు గడియారం చూసుకోవాలి. ఇక్కడ ఖరహరప్రియ నిషాదం మీద ఆగి, అక్కడి నుంచి కదలకుండా, ఆ ఒక్క స్వరానికి ఎన్ని రంగులు వేయొచ్చో వేసి చూపించి, అప్పుడు కిందికి దిగుతారు. అదే ఖరహరప్రియ రేడియోలో విన్నప్పుడు ఆ నిషాదం ఒక మెరుపు మెరిసి వెళ్ళిపోయింది. రెండూ పక్కపక్కన పెట్టి వింటేనే ఆయన ఎంత దాచుకున్నారో తెలుస్తుంది.

ఆయనా, నేదునూరి కృష్ణమూర్తి గారూ ఇద్దరూ డాక్టర్ శ్రీపాద పినాకపాణి గారి దగ్గర నేర్చుకున్నవారే. గురువు ఒకరే అయినా ఇద్దరి భైరవి వేరు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు ఇంకో లోకం. ఆయనకు రికార్డులు కావలసినన్ని ఉన్నాయి, కానీ సభలో శ్రోతలు ఉత్సాహం చూపిస్తే ఆయన ఏమేం చేసేవారో ఆ రికార్డుల్లో లేదు. ఈ ముగ్గురి వెనకా అన్నవరపు రామస్వామి గారి వయొలిన్, దండమూడి రామమోహనరావు గారి మృదంగం విజయవాడ టేపుల్లో పదే పదే వినిపిస్తాయి. మా తమిళ మిత్రులకు ఈ పేర్లలో కొన్ని చాలాకాలం తెలియవు. మద్రాసు సభల సంగీతమే సంగీతమనుకునేవారు. వోలేటి గారి టేపు వేసిన మొదటి సాయంత్రం మామ లేచి వెళ్ళి మిషను వేగం చూసి వచ్చారు. వేగం సరిగ్గానే ఉంది. ‘ఇంత గాత్రం మీ దేశంలో ఉంటే ఇన్నాళ్ళు చెప్పలేదేమప్పా యానాం’ అన్నారు. ఆ తర్వాత వారం ఆయనే అడిగి ఇంకో రెండు పెట్టించుకున్నారు.

ఈ పనికి పుదుచ్చేరి తగిన ఊరే. ఇక్కడ ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్ 1955లో పెట్టారు. అక్కడున్న శైవాగమ తాళపత్రాలను 2005లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చారు. ఒకే గ్రంథానికి పది ఊళ్ళ నుంచి పది ప్రతులు తెచ్చి, ఒకదానితో ఒకటి పోల్చి, ఏ ప్రతిలో ఏ అక్షరం తేడాగా ఉందో పండితులు అక్కడ రాసి పెడతారు. 1950ల చివర్లో ఆ సంస్థలో పనిచేసిన అలేన్ దానియేలూ అనే ఫ్రెంచి సంగీత పండితుడు సంస్కృత సంగీత గ్రంథాల మీద ఇక్కడే పరిశోధన చేశాడు. అంతకుముందే ఆయన మన దేశంలో తిరిగి విద్వాంసుల గానం రికార్డు చేసి, 1955లో భారతీయ శాస్త్రీయ సంగీత సంకలనంగా పారిస్‌లో రికార్డులు తెచ్చాడు. తాళపత్రానికి, టేపుకు ఒకే మనిషి చెయ్యి తగిలిన ఊరన్నమాట ఇది. మన సంగీతంలోనూ పాఠాంతరం అన్న మాట ఉంది. త్యాగరాజ కీర్తనలు వాలాజపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం శిష్యపరంపరల ద్వారా మనకు అందాయి. ఆ పరంపరల్లో ఒకే కీర్తనకు సంగతులు, అంటే ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీర్లు, తేడాగా ఉంటాయి. కీర్తనకు పాఠాంతరాలు ఉన్నట్టే, ఒకే మనిషి ఆలాపనకూ రాత్రికొక పాఠం ఉంటుంది. టేపులు పోల్చడమంటే మాకు అదే పని.

దీనివల్ల ఎవరికి లాభం అంటే, నేర్చుకునేవాళ్ళకు. మా ఇంజనీరింగ్ కుర్రాడు మొదట్లో ఒకే ఒక్క ప్రసిద్ధ రికార్డింగు పట్టుకుని, అందులోని కల్యాణి ఆలాపనను సెకను సెకనుకూ అప్పజెప్పేవాడు. వాడి గురువుగారికి అది అసలు నచ్చలేదు. ఒక రికార్డు అరిగేదాకా వింటే అది శాసనమైపోతుంది. ఆ మహానుభావుడు ఆ పూట అలా అనుకున్నాడు కాబట్టి కల్యాణి అంటే అదే అని పిల్లలు స్థిరపడిపోతారు. రికార్డింగులు వచ్చాక మనోధర్మం చచ్చిపోతోందని వాపోయే పెద్దలు ఉన్నారు, వాళ్ళ భయం ఉత్తిది కాదు. కానీ దానికి విరుగుడు వినడం మానేయడం కాదని నా గట్టి నమ్మకం. అదే విద్వాంసుడి కల్యాణి మరో ఆరు రాత్రులది ఆ కుర్రాడికి ఇచ్చాం. మూడోది వినేసరికే అనుకరించడం కుదరడం మానేసింది, ఎందుకంటే దేన్ని అనుకరించాలో తేలలేదు. అప్పుడు వాడు తన కల్యాణి వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఒక టేపు చేసిన చెరుపును పది టేపులు బాగుచేస్తాయి.

హక్కుల మాట దాటేయకూడదు. మన కాపీరైటు చట్టంలో 1994 నుంచి ప్రదర్శకుల హక్కు అని ఒకటి ఉంది. 1999 సవరణ తర్వాత అది ప్రదర్శన నుంచి 50 ఏళ్ళు నడుస్తుంది. సభలో దొంగచాటుగా ఫోనులో పట్టి మర్నాడే లోకం మీద వదిలేయడం నాకు ఇష్టం లేదు. విద్వాంసుడు గొంతు బాగాలేని రోజున పాడింది కూడా శాశ్వతంగా ఆయన మెడకు చుట్టుకుంటుంది. ఎవరింట్లోనో నమ్మి పాడిన కచేరీని డబ్బుకు అమ్మడం తప్పే. మేం పెట్టుకున్న నియమాలు చిన్నవి: అమ్మం; కుటుంబం వాళ్ళు వద్దంటే ఎవరికీ ఇవ్వం; ఎవరి దగ్గర నుంచి వచ్చిందో ఆ పేరు టేపుతోనే ఉంచుతాం. ఇంత చేసినా, బతికున్న కళాకారుల విషయంలో మా వాళ్ళలో ఏకాభిప్రాయం లేదు. డాక్టరుగారు అసలు కూడదంటారు. కుర్రాడు, అందరూ చేస్తూనే ఉన్నారు కదా అంటాడు. నేను డాక్టరుగారి వైపు.

చివరిగా ఒక విన్నపం. మీ ఇంట్లో అటక మీద తాతగారి స్పూళ్ళు ఉంటే, వెంటనే పాత మిషను దుమ్ము దులిపి వాటిని వేయకండి. వెనిగర్ వాసన వస్తుంటే అది పాతకాలపు ఎసిటేట్ టేపు, కుళ్ళడం మొదలైంది. దాన్ని మిగతావాటికి దూరంగా పెట్టి ముందు దాన్నే కాపీ చేయించాలి. సముద్రం పక్కన ఉండే మాలాంటివాళ్ళ ఊళ్ళలో తెల్లటి బూజు పడుతుంది. అది మిషను హెడ్డుకు అంటుకుంటే తర్వాత వేసిన ప్రతి టేపుకూ పాకుతుంది. గబగబా ముందుకీ వెనక్కీ చుట్టకండి, పెళుసెక్కిన టేపు తెగుతుంది. క్యాసెట్టు లోపల చిన్న స్పాంజి ముక్క ఊడిపోయి శబ్దం మందగిస్తే పారేయకండి. టేపు బాగానే ఉంటుంది, కొత్త డబ్బాలోకి మార్చేవాళ్ళున్నారు. హెడ్డు కోణం సరిచేసి, ఒక్కసారే, మంచి మిషను మీద, కుదించని డిజిటల్ ఫైలుగా ఎక్కించమని అడగండి. చిన్న ఫైలు తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు. తనియావర్తనం కత్తిరించొద్దని చెప్పండి. మైకు సర్దిన చప్పుడు, ప్రకటన చదివిన గొంతు, జనం దగ్గు, కరెంటు మోత, ఏదీ శుభ్రం చేయించకండి. తేదీ, వేగం తేలేది వాటితోనే. డబ్బా మీద చీటీ ఉంటే ఫోటో తీసి ఫైలుతో పాటు పెట్టండి. ఆ చీటీలో రాసింది తప్పని మీకు ఖాయంగా తెలిసినా కొట్టేయకండి. పక్కన వేరే సిరాతో మీకు తెలిసింది రాసి, రాసిన తేదీ వేయండి.